పన్ను లేకపోయినా రిటర్న్ ఎందుకు వేయాలి?

శ్రోతలకు నమస్కారం.

దాచుకున్న డబ్బు మీద వడ్డీ వస్తోంది, దానికి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేయాలా, అక్కర్లేదా? శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా జూలై దగ్గరపడేసరికి రిటైరైనవాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట వస్తుంది. "పన్నెండు లక్షల దాకా పన్నే లేదు కదండీ, మనకెందుకు?" అంటారొకరు. "బ్యాంకువాళ్లే పన్ను పట్టేసుకున్నారు, ఇంకేం వేస్తాం మాస్టారూ?" అంటారు ఇంకొకరు. రెండు మాటలూ పొరపాటే. ఈ పొరపాటు వల్ల చాలాసార్లు నష్టపోయేది కష్టపడి దాచుకున్నవాళ్లే. అందుకే ఈ విషయం కాస్త నిదానంగా మాట్లాడుకుందాం.

నేను చెప్పే లెక్కలన్నీ 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానివి. దానికి మామూలు గడువు 2026 జూలై 31.

పన్ను కట్టాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, రిటర్న్ వేయాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. రిటర్న్ సంగతి తేల్చేది మీ మొత్తం ఆదాయం. కొత్త పన్ను విధానంలో అది 4,00,000 రూపాయలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. ఇందులో వయసు తేడా లేదు. పాత విధానం ఎంచుకునేవారికి ఈ హద్దు రెండున్నర లక్షలు, అరవై నిండినవారికి 3 లక్షలు, ఎనభై నిండినవారికి 5 లక్షలు. 80సి, 80టీటీబీ లాంటి సెక్షన్ల కింద పొదుపుకూ వడ్డీకీ ఇచ్చే మినహాయింపులు తీసెయ్యక ముందున్న ఆదాయాన్నే ఈ హద్దుతో పోల్చి చూడాలి. మరి పన్నెండు లక్షల మాట? అది రిబేటు. ముందు పన్ను లెక్క కట్టి, ఆదాయం 12 లక్షల లోపు ఉంటే ఆ పన్నును 60,000 రూపాయల దాకా మాఫీ చేస్తారు. నాలుగు లక్షలు దాటినవారు ఆ లెక్కను రిటర్న్‌లో చూపించాలి.

ఒక రిటైర్డ్ టీచరుగారి లెక్క చూద్దాం. నెలకు 35,000 పెన్షన్, ఏడాదికి 4,20,000. అందులో పెన్షన్ మీద ముందే తగ్గించే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 3,45,000. ఇక్కడితో ఆగితే రిటర్న్ అక్కర్లేదు. కానీ ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో వేశారు. 8.2 శాతం వడ్డీ. మూడు నెలలకోసారి 30,750 రూపాయలు ఖాతాలో పడుతుంది, ఏడాదికి 1,23,000. కలిపితే 4,68,000. హద్దు దాటింది, రిటర్న్ వేయాలి. కట్టాల్సిన పన్ను మాత్రం సున్నా.

ఇప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించే లెక్క చెబుతాను. భోగాపురం వైపు విమానాశ్రయం కోసం భూమి ఇచ్చిన ఒక రైతు ఉన్నారనుకోండి. వయసు యాభై రెండు. వచ్చిన పరిహారంలో 60 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు. ఏడు శాతం చొప్పున ఏడాదికి 4,20,000 వడ్డీ. బ్యాంకు అందులో పది శాతం, అంటే 42,000 రూపాయలు టీడీఎస్ కింద, అంటే వడ్డీ ఇచ్చేటప్పుడే కోసే పన్నుగా, పట్టుకుంటుంది. ఆ రైతు అసలు కట్టాల్సిన పన్ను ఎంత? నాలుగు లక్షల పైన ఉన్న 20,000 మీద ఐదు శాతం, వెయ్యి రూపాయలు. అదీ రిబేటులో పోతుంది. అంటే ఆ 42,000 పూర్తిగా ఆయన డబ్బే. కానీ రిటర్న్ వేస్తేనే అది వెనక్కి వస్తుంది. "సర్కారు పట్టుకుంది, ఇంక రాదులే" అనుకుని వదిలేస్తే ఏటా అంత డబ్బూ పోయినట్టే. భూమి పోగొట్టుకుని, దాని మీద వచ్చే వడ్డీ కూడా పోగొట్టుకోవాలా? ఆయన పాన్ కార్డు ఆధార్‌తో లింకు కాకపోయి ఉంటే పట్టుకునేది పది శాతం కాదు, ఇరవై శాతం. అప్పుడు 84,000 అవుతుంది. ముందు ఆ లింకు చూసుకోండి.

ఈ రైతుకు మిగిలిన రెండెకరాల్లో కొబ్బరి తోట ఉండి, దాని మీద ఏడాదికి 5,000 కన్నా ఎక్కువ వస్తుంటే సహజ్ అనే చిన్న ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 అనే ఫారం వేయాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా ఫారంలో చూపించాలి.

టీడీఎస్ పట్టడానికీ ఒక హద్దు ఉంది. ఒక బ్యాంకులో, అన్ని బ్రాంచీలూ కలిపి, ఏడాది వడ్డీ 50,000 దాటితే పడతారు. అరవై నిండినవారికి ఆ హద్దు లక్ష. ఇది తెలిసినవాళ్లు శ్రీకాకుళంలో ఒక బ్యాంకు, నరసన్నపేటలో ఇంకో బ్యాంకు, ఊళ్లో పోస్టాఫీసు అని డబ్బు విడదీసి వేస్తుంటారు. విడదీయడం తప్పు కాదు. కానీ టీడీఎస్ పట్టలేదంటే ఆ వడ్డీ ఆదాయం కాదని కాదు. మూడు చోట్లా వచ్చింది కలిపి చూసుకోవాలి. సేవింగ్స్ ఖాతా వడ్డీ, రికరింగ్ డిపాజిట్ వడ్డీ కూడా కలపాలి. ఊళ్లో ప్రామిసరీ నోటు రాయించుకుని నూటికి రెండు రూపాయల చొప్పున ఇచ్చిన లక్ష రూపాయల అప్పు మీద వచ్చే 24,000 కూడా అంతే. పీపీఎఫ్ వడ్డీకి, ఆడపిల్ల పేరున వేసే సుకన్య సమృద్ధి వడ్డీకి మాత్రం పన్ను లేదు.

తన డబ్బునే భార్య పేరున డిపాజిట్ వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ వడ్డీని చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది. ఆమె సొంత సంపాదన అయితే ఆమె ఆదాయమే.

ఇంకో మాట. ఆదాయం నాలుగు లక్షల లోపే ఉన్నా, ఆ ఏడాది మొత్తం టీడీఎస్ 25,000 లేదా అంతకు మించి ఉంటే రిటర్న్ తప్పనిసరి. సీనియర్ సిటిజన్లకు ఆ అంకె 50,000.

పన్ను పడనివాళ్లు ఏడాది మొదట్లోనే బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే టీడీఎస్ పట్టరు. ఈ లెక్కల ఏడాదికి అరవై లోపువారికి 15జి ఫారం, అరవై నిండినవారికి 15హెచ్ ఫారం. పైన చెప్పిన రైతు 15జి ఇవ్వడానికి లేదు, ఎందుకంటే ఆయన వడ్డీయే 4 లక్షలు దాటింది. టీచరుగారు 15హెచ్ ఇవ్వొచ్చు, పన్ను సున్నా కాబట్టి. అయితే ఆ ఫారం ఇచ్చినంత మాత్రాన రిటర్న్ వేయాల్సిన పని తప్పదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

డెబ్బై ఐదేళ్లు నిండి, పెన్షనూ వడ్డీ తప్ప వేరే ఆదాయం లేక, ఆ రెండూ ఒకే బ్యాంకు నుంచి వస్తుంటే, ఆ బ్యాంకుకు డిక్లరేషన్ ఇచ్చిన పెద్దలకు రిటర్న్ నుంచి మినహాయింపు ఉంది. ఆ బ్యాంకు ప్రభుత్వం నోటిఫై చేసినదై ఉండాలి. పన్ను లెక్క బ్యాంకే కట్టి పట్టుకుంటుంది. పోస్టాఫీసులో కూడా డిపాజిట్ ఉంటే ఈ వెసులుబాటు దొరకదు.

రిటర్న్ వేసే ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ అనే పట్టిక తెరిపించి చూడండి. ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చిందో అందులో ఒక్కో వరుసగా ఉంటుంది. పాస్‌బుక్ పక్కన పెట్టుకుని సరిచూడండి. నెట్ సెంటర్‌లో వేయించుకున్నా ఫోన్ నంబరు మీదే ఇవ్వండి, రిఫండ్ పడే ఖాతా మీదే ఉండాలి. పంపించాక ముప్పై రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయాలి, లేకపోతే రిటర్న్ వేసినట్టే కాదు. లేని ఖర్చులు చూపించి "ఎక్కువ రిఫండ్ తెప్పిస్తాం" అనేవాళ్ల మాట వినకండి. నోటీసు వచ్చేది మీ పేరు మీదే.

జూలై 31 దాటితే డిసెంబరు 31 దాకా వేయొచ్చు. రిటర్న్ తప్పనిసరి అయినవారికి ఆదాయం 5 లక్షల లోపు ఉంటే వెయ్యి, దాటితే 5,000 ఆలస్య రుసుము. పాత ఏళ్లలో టీడీఎస్ పోయి, రిటర్న్ వేయకుండా ఉండిపోయినవారికీ దారి ఉంది. ఆలస్యాన్ని మన్నించమని కారణం చూపి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది, ముగిశాక ఐదేళ్ల లోపు. అలాంటివారు ఆ ఏళ్ల టీడీఎస్ సర్టిఫికెట్లు బ్యాంకు నుంచి ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి.