చిట్టెలుక గుండెను ఏం అడగాలి, ఎలా అడగాలి

అందరికీ నమస్కారం.

విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. మెలకువగా ఉన్న చిట్టెలుకలో ఆ లెక్క 500 నుంచి 700. అంత వేగం కావాలంటే ప్రతి స్పందన తర్వాతా కణం చిటికెలో తేరుకోవాలి. మనిషి జఠరికలో ఆ తేరుకోవడానికి హెర్గ్ అనే పొటాషియం చానల్ చాలా ముఖ్యం. ఎదిగిన చిట్టెలుకలో ఆ పనంతా వేరే పొటాషియం ప్రవాహాలవి. అందుకే హెర్గ్ లోపంతో వచ్చే రెండో రకం లాంగ్ క్యూటీ సిండ్రోమ్‌కు (ఈసీజీలో క్యూటీ, అంటే జఠరిక ఉత్తేజితమై తిరిగి తేరుకునే వ్యవధి, సాగిపోయే జబ్బు) చిట్టెలుక సరైన నమూనా కాదు. దానికి కుందేలు మేలు.

కాల్షియం లెక్క తప్పే జబ్బులకు మాత్రం చిట్టెలుక చక్కగా పనికొస్తుంది. సీపీవీటీనే తీసుకోండి, ఇది శ్రమ, భయం వేళ గుండె లయ తప్పే వారసత్వపు జబ్బు. ఇది ఉన్న పిల్లల ఈసీజీ మామూలుగా ఉంటుంది, గుండె నిర్మాణంలోనూ లోపం కనబడదు. పరిగెత్తినప్పుడో భయపడినప్పుడో స్పృహ తప్పి పడిపోతారు. మూర్ఛ అనుకుని ఏళ్ల తరబడి వేరే మందులు వాడిన కుటుంబాలూ ఉన్నాయి. అసలు తప్పు రయనోడిన్ రిసెప్టర్‌ది, అంటే కణం లోపలి నిల్వ నుంచి కాల్షియాన్ని వదిలే చానల్‌ది. గుండె సడలే వేళ కూడా అది కాల్షియాన్ని కారుస్తుంది. కారిన ఒక్కో కాల్షియం అయాన్‌ను కణం బయటికి నెడుతుంటే మూడు సోడియం అయాన్లు లోపలికి వస్తాయి. ఆ అదనపు ధనావేశమే వేళకాని స్పందనను రేపుతుంది. ఈ తీరు చిట్టెలుకలోనూ మనిషిలోనూ ఒకటే.

ఆ రిసెప్టర్‌లో ఆర్4496సి అనే ఉత్పరివర్తన (జన్యువులో మార్పు) ఉన్న చిట్టెలుకలో దీన్ని బయటపెట్టే పద్ధతి ఇదీ. ఐసోఫ్లూరేన్ మత్తులో మామూలు ఈసీజీ తీసి, కిలో బరువుకు కెఫీన్ 120 మి.గ్రా., ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) 2 మి.గ్రా. చొప్పున పొట్టలోకి ఎక్కించాలి. 25 గ్రాముల జంతువుకైతే 3 మి.గ్రా., 0.05 మి.గ్రా. ఆ తర్వాత ఈసీజీ ఆపకుండా చూడాలి. ఒక స్పందన పైకి, మరొకటి కిందికి తిరుగుతూ సాగితే అదే ద్విదిశా టాకికార్డియా, ఈ జబ్బు గుర్తయిన అతివేగ లయ. ఒకటీ అరా ఎక్కువ స్పందనలు మామూలు చిట్టెలుకలోనూ వస్తాయి, వాటిని జబ్బుగా లెక్కించకూడదు. గుండె లయను సరిచేసే ఫ్లెకనైడ్ అనే మందు ఈ జబ్బులో పనిచేస్తుందని 2009లో తేల్చిన పనికి కూడా చిట్టెలుకలే ఆధారం. అక్కడ వాడినవి కాల్‌సీక్వెస్ట్రిన్ (కణం నిల్వలో కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రోటీన్) లేనివి.

ఎక్కువగా బెడిసికొట్టేది మత్తు దగ్గర. మత్తు ఎక్కువైనా ఒళ్లు చల్లబడినా గుండె వేగం పడిపోతుంది, క్యూటీ సాగుతుంది. దాన్ని జన్యువు ప్రభావం అనుకుంటే పని మొత్తం తప్పుతుంది. ఐసోఫ్లూరేన్ 1.5 శాతం దగ్గర నిలిపి, పురీషనాళంలో ఉష్ణోగ్రత చూస్తూ 37 డిగ్రీలు కాపాడాలి. ఎపినెఫ్రిన్ వెలుతురుకు పాడవుతుంది. ద్రావణం గులాబీ రంగుకు తిరిగితే పారబోయండి. చిట్టెలుక ఈసీజీలో మనకు అలవాటైన ఎస్‌టీ భాగం ఉండదు, టీ తరంగం (జఠరిక తేరుకునే గుర్తు) క్యూఆర్‌ఎస్‌ను (జఠరిక ఉత్తేజపు గుర్తును) అంటుకునే వస్తుంది. క్యూటీ ఎక్కడ ముగిసిందో ముందే నియమం రాసుకుని, ఏది ఏ జన్యురూపమో తెలియని మనిషి చేత కొలిపించాలి. గుండె వేగాన్ని బట్టి క్యూటీని సరిచేయడానికి మనుషుల్లో వాడే బాజెట్ సూత్రాన్ని నేరుగా వాడకండి. ఆర్‌ఆర్‌ను (రెండు స్పందనల మధ్య వ్యవధిని) 100 మిల్లీసెకన్లతో భాగించి వర్గమూలం తీసి, దానితో క్యూటీని భాగించే సవరణ చిట్టెలుకకు తగినది.

పోల్చడానికి ఒకే కాన్పులో పుట్టిన మామూలు పిల్లలనే తీసుకోండి. సోడియం చానల్‌లో ఒకే ఉత్పరివర్తన ఉన్నా, 129పి2 జాతిలో విద్యుత్ ప్రసారం ఎఫ్‌వీబీ జాతిలో కంటే ఎక్కువగా దెబ్బతింది. జాతి మారితే జబ్బు తీవ్రతే మారిపోతుంది.