బ్యాంకాక్‌లో తప్పు చేస్తే సింగపూర్‌లో కేసు! మరి మన చట్టం ఎంత దూరం వస్తుంది?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? పోయిన వారం వీడియో పెట్టలేదని అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. నా ముఖం చూస్తే తప్ప నేను సరిగ్గా తింటున్నానో లేదో తనకి తెలియదట. అందుకే ఈ శనివారం ఇంట్లోంచి అడుగు బయట పెట్టగానే కెమెరా ఆన్ చేశాను.

ఇప్పుడు ఎమ్మార్టీలో, అంటే ఇక్కడి సింగపూర్ మెట్రో రైల్లో, టెక్కా మార్కెట్‌కి వెళ్తున్నాను, గోంగూర కోసం. చిన్న కట్ట మూడు డాలర్లు, మన డబ్బుల్లో రెండు వందలు. తెనాలిలో మా పెరట్లో కావలసినంత కోసుకునేవాళ్ళం. కొనేటప్పుడు ప్రతిసారీ ఆ పెరడే గుర్తొస్తుంది.

సరే, బ్యాంకాక్ సంగతి చెప్తాను. నాలుగు రోజులు వెళ్ళొచ్చాం కదా. థాయ్‌లాండ్‌లో 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితాలోంచి తీసేశారు. 2025లో మళ్ళీ నిబంధనలు బిగించారు కానీ, వీధుల్లో ఆకు బొమ్మల దుకాణాలు ఇంకా ఉన్నాయి. మాతో వచ్చిన విజయవాడ కుర్రాడు అక్కడ ఆగి, "అక్కా, బోర్డు పెట్టి అమ్ముతున్నారు, ఒక్కసారి చూస్తే ఏమవుతుంది?" అన్నాడు. అతనికి సింగపూర్ పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, వచ్చి రెండు నెలలే అయింది.

నేను అక్కడే చెయ్యి పట్టుకుని ఆపేశాను. ఎందుకంటే సింగపూర్ మత్తుపదార్థాల చట్టంలో 8ఎ అని ఒక సెక్షన్ ఉంది. సింగపూర్ పౌరులైనా, పీఆర్ ఉన్నవాళ్ళైనా బయటి దేశంలో డ్రగ్స్ తీసుకుంటే, సింగపూర్‌లోనే తీసుకున్నట్టు లెక్క. అక్కడి చట్టం ఒప్పుకుంటుందన్నది ఇక్కడ పనికిరాదు. చాంగీ విమానాశ్రయంలో దిగాక మూత్ర పరీక్షకి పిలవొచ్చు. నేరం రుజువైతే పదేళ్ళ వరకు జైలు, ఇరవై వేల డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఇరవై వేలంటే పదమూడు లక్షల పైమాటే! ఆ కుర్రాడి నాన్నగారు వాణ్ణి చదివించడానికి పొలం అమ్మారు. వాడు మాట్లాడకుండా పక్క బండి దగ్గరికి వెళ్ళి మామిడిపండు అన్నం కొనుక్కున్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

ఇంకో మాట. వాడిది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. మన దేశపు మత్తుపదార్థాల చట్టం, ఎన్‌డీపీఎస్, కూడా విదేశాల్లో ఉన్న భారత పౌరులకి వర్తిస్తుందని మొదటి సెక్షన్‌లోనే రాసి ఉంది.

ఇదంతా ఆ రాత్రి మా పిన్నికి ఫోన్‌లో చెప్తుంటే, ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మాయ్, సింగపూర్ వాళ్ళు చేయగలిగినప్పుడు మనవాళ్ళెందుకు చేయలేరు?" అంది.

మా చెల్లి, అంటే పిన్ని కూతురు, దుబాయ్‌లో కాపురం చేసి మూడు నెలల కిందట ఒక్క సూట్‌కేసుతో వచ్చేసింది. ఏం జరిగిందో ఈ వీడియోలో చెప్పను, తను ఒప్పుకున్నంతే చెప్తున్నాను. పోలీస్ స్టేషన్‌కి ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే, "అక్కడ జరిగింది అక్కడే పెట్టుకోండమ్మా" అని పంపేశారు. పిన్ని అది నిజమని నమ్మేసింది.

అది నిజం కాదండీ! మన పౌరుడు ఏ దేశంలో నేరం చేసినా మన చట్టం వర్తిస్తుంది. పాత ఐపీసీలో 4వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 1(5). ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని పోలీసులు, కోర్టులు కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్‌లో చెప్తోంది. ఒక మెలిక మాత్రం ఉంది. నేరం మొత్తం బయటే జరిగితే, అదే చట్టం 208వ సెక్షన్ ప్రకారం విచారణకి కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. స్టేషన్లలో ఈ ముక్క పట్టుకునే వెనక్కి పంపుతారేమో అనిపిస్తోంది.

కానీ ఆ అనుమతి ఎప్పుడు కావాలన్నది సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది, అదీ మన ప్రకాశం జిల్లా నుంచి వెళ్ళిన కేసులో. భర్త బోట్స్వానాలో ఉంటాడు, వేధింపులు అక్కడ జరిగాయని భార్య ఆరోపణ. ఫిర్యాదుకి, దర్యాప్తుకి, మేజిస్ట్రేటు కేసు స్వీకరించడానికి కేంద్రం అనుమతి అక్కర్లేదు, ఆ తర్వాత విచారణ ముందుకు సాగాలంటేనే కావాలి అన్నారు. కట్నం లాంటివి ఇక్కడ జరిగిన భాగానికైతే అసలు ఆ అనుమతే అవసరం లేదు. 2019లో ఇంకో తీర్పులో, అత్తింటి నుంచి వచ్చేసిన అమ్మాయి తలదాచుకున్న ఊళ్ళోనే వేధింపుల కేసు పెట్టొచ్చన్నారు, ఎందుకంటే ఆ మనోవేదన పుట్టింటికొచ్చాక కూడా ఆగదు కాబట్టి. ఆ వాక్యం చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా చెల్లి రాత్రిళ్ళు నిద్రపోవట్లేదని పిన్ని చెప్పింది మరి.

గెలవడం తేలికని అనను. ఆసుపత్రి కాగితాలు, పక్కింటివాళ్ళ సాక్ష్యం అన్నీ దుబాయ్‌లో ఉన్నాయి, చెల్లి భర్తా అక్కడే ఉన్నాడు. అందుకే విదేశాల్లో ఉన్న ఆడపిల్లలూ, మెసేజ్‌లు, ఫోటోలు, డాక్టర్ చీటీలు ఇంట్లోవాళ్ళకి ముందే పంపి పెట్టుకోండి. ఒక లాయర్‌ని తప్పకుండా కలవండి, నేను లాయర్‌ని కాదు.

అయ్యో, మాటల్లో పడి నేను దిగాల్సిన లిటిల్ ఇండియా స్టేషన్ దాటేశాను. వెనక్కి రావాలి. ఆ రెండు తీర్పులూ నిన్న చెల్లికి వాట్సాప్‌లో పంపాను, తెనాలిలో నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకుందట. సోమవారం మళ్ళీ పోలీస్ స్టేషన్‌కి వెళ్తుంది, ఈసారి మా బాబాయి కూడా తోడు వెళ్తున్నాడు.

ఉండండి, తనే ఫోన్ చేస్తోంది. "అక్కా, ఆ అనుమతి సంగతి ఏ పేజీలో ఉందో చెప్పు, పెన్నుతో గీత గీసుకుంటా" అంటోంది. కెమెరా ఆపేస్తున్నానండీ, కాగితాలు తీయాలి.