ఉప్పెన హెచ్చరికలో ‘మీటరు’ ఎక్కడి నుంచి కొలవాలి?

యాంకర్: ఉప్పాడ నుంచి ఫోన్. చెప్పండన్నా.

శ్రోత: నమస్కారం సార్. తుపాను వార్తల్లో ‘మీటరు ఎత్తు ఉప్పెన’ అంటారు. మా అరుగే మీటరుంది. అయినా ఇల్లు ఖాళీ చెయ్యమంటారేంటండీ?

నిపుణుడు: అరుగుని మీరు వీధిలోంచి కొలిచారు. హెచ్చరికలో మీటరంటే ఆ వేళకి సముద్రంలో పోటైనా పాటైనా ఉండే మట్టం మీద అదనంగా మీటరు. పోటుపాట్ల పట్టికలో పోటు, అంటే నీరెక్కిన మట్టం, 1.4 మీటర్లు, పాటు, అంటే నీరు తీసిన మట్టం, 0.4 ఉందనుకోండి. మీటరు ఉప్పెన పాటులో వస్తే 1.4, రోజూ చూసే పోటంతే. పోటులో వస్తే 2.4. కెరటాలు ఆ పైన, అవి ఈ లెక్కలో లేవు.

శ్రోత: మరి మా ఇంటి సంగతి తెలిసేదెలా?

నిపుణుడు: గాలి లేని పౌర్ణమినాడు, నిండు పోటులో, కెరటం తగలని ఉప్పుటేరు గట్టున నీళ్లెక్కిన చోట ఒక మేకు కొట్టండి. మేస్త్రి దగ్గరుండే లెవెల్ ట్యూబుతో, అంటే నీళ్లు నింపిన గొట్టంతో, అక్కణ్ణించి గడప దాకా అంచెలంచెలుగా మట్టం తీసుకురండి. ట్యూబులో బుడగుంటే లెక్క తప్పుతుంది. ముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు సమంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మేకు కంటే గడప మీటరే ఎత్తుంటే, మీటరు ఉప్పెనకి నీళ్లు గడప దగ్గరుంటాయి, కెరటం ఇంట్లో ఉంటుంది.

శ్రోత: తుపాను ఎక్కడో దక్షిణాన దాటుతుంటే?

నిపుణుడు: అప్పుడే భయపడాలి. మన తీరంలో తుపాను దాటే చోటుకి ఉత్తరాన గాలి సముద్రాన్ని ఒడ్డుకి తోస్తుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర దాటింది, ఊళ్లు కొట్టుకుపోయింది దానికి ఉత్తరానున్న దివిసీమలో.

యాంకర్: సముద్రమట్టం పెరుగుతోందంటారు, దాని మాటేంటి సార్?

నిపుణుడు: 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి ఉప్పెనా ఆ జానెడు పైనుంచి మొదలవుతుంది. పైగా మన తీరంలో ఏటా మట్టం ఎక్కువుండేది అక్టోబరు, నవంబరుల్లోనే, అవే తుపాను నెలలు. పాత ఉప్పెన ఎక్కడిదాకా వచ్చిందో దాన్నే హద్దనుకోకండి.

యాంకర్: నాగాయలంక నుంచి ఇంకొకరు. చెప్పండమ్మా.

శ్రోత: బావిలోకి సముద్రపు నీళ్లొస్తే ఏం చెయ్యాలండీ? మోటారు పెట్టి తోడేస్తే సరిపోతుందా?

నిపుణుడు: మోటారుతో ఆపకుండా తోడొద్దమ్మా. తీరంలో తీపినీరు ఉప్పునీటి మీద తేలుతుంటుంది. గట్టిగా లాగితే అడుగుది పైకొస్తుంది. చుట్టూ నిలిచిన ఉప్పునీళ్లు పోయాక, బావిలో పడ్డ నీళ్లూ బురదా ఒక్కసారి తీసేయండి. తర్వాత బిందెలతో కొద్దికొద్దిగానే తోడుకోండి. వానలు పడేకొద్దీ ఉప్పు తగ్గుతుంది. అప్పటిదాకా తాగడానికి ట్యాంకరు నీళ్లే.

శ్రోత: మరిగించి తాగొచ్చాండీ?

నిపుణుడు: వద్దమ్మా. మరిగిస్తే నీరు ఆవిరవుతుంది, ఉప్పు గిన్నెలోనే ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ బిళ్లలు కూడా క్రిముల్ని చంపుతాయి గానీ ఉప్పుని తియ్యవు.