వట్టి సర్వర్ కూడా పేజీలు రాస్తుంది

అందరికీ నమస్కారం.

క్రాస్ సైట్ స్క్రిప్టింగ్, అంటే వేరేవాళ్ళ సైటు పేజీలోకి మన స్క్రిప్ట్‌ని (బ్రౌజర్ నడిపే చిన్న ప్రోగ్రాముని) దూర్చే దాడి, అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది తెర మీద ‘హలో’ అంటూ ఎగిరే చిన్న అలర్ట్ పెట్టె. టెస్టింగ్ వాళ్ళు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి రిపోర్ట్‌లో పెడతారు. డెవలపర్ చూసి ‘ఇంతేనా’ అంటాడు. టికెట్ ‘మీడియం’లో పడి మూలుగుతూ ఉంటుంది. సర్వర్లు చూసుకునే మనమైతే ఆ రిపోర్ట్ తెరవను కూడా తెరవం, అది అప్లికేషన్ వాళ్ళ గొడవ కదా అని. ఇవాళ నా పేచీ ఆ మాటతోనే.

2010 ఏప్రిల్ 5. అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాడే జిరాలో, అంటే ఫిర్యాదులు నమోదు చేసే అప్లికేషన్‌లో, ఎవరో ఒక ఇష్యూ తెరిచారు. ప్రాజెక్టులు చూస్తుంటే ఈ ఎర్రర్ వస్తోంది అని రెండు ముక్కలు రాసి, కింద ఒక పొట్టి లింకు పెట్టారు. ఆ లింకు నొక్కితే తిరిగి అదే జిరాకి వెళ్తుంది, కాకపోతే అడ్రసు తోకలో ఒక స్క్రిప్ట్ ఉంటుంది. జిరా దాన్ని వడగట్టకుండా పేజీలో పెట్టేసింది. కొంతమంది అడ్మిన్లు నొక్కారు. ఎర్రర్ వచ్చిందంటే నొక్కి చూడటమే కదా వాళ్ళ ఉద్యోగం! బ్రౌజర్‌కి తెలిసిన న్యాయం ఒక్కటే: ఏ సైటు పేజీలో వచ్చిన స్క్రిప్ట్ ఆ సైటు మనిషే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, బ్రౌజర్ ఏం పట్టగలదు? లాగిన్ అయి ఉన్నామని సైటుకి గుర్తుచేసే సెషన్ కుకీలు వెళ్ళిపోయాయి. మరోపక్క లాగిన్ పేజీ మీద పాస్‌వర్డ్‌లు ఊహించే దాడి కూడా నడిచింది. మర్నాటికల్లా అడ్మిన్ హక్కులు దొంగల చేతిలో ఉన్నాయి.

తర్వాత ఏం జరిగిందో చూడండి. ఒక ప్రాజెక్టుకి నోటిఫికేషన్లు ఆపేశారు. అటాచ్‌మెంట్లు సేవ్ అయ్యే చోటుని, జేఎస్పీ ఫైళ్ళు (సర్వర్ మీద నడిచే జావా పేజీలు) నడిచే ఫోల్డర్‌కి మార్చారు. ఇక అటాచ్‌మెంట్ పేరుతో జేఎస్పీ ఎక్కించడమే తరువాయి, సర్వర్ దాన్ని నడిపేసింది. 9వ తేదీ ఉదయానికి, లాగిన్ అయ్యేవాళ్ళ పాస్‌వర్డ్‌లు పట్టి దాచే జార్ ఫైలు (జావా ప్రోగ్రాము మూట) ఒకటి పెట్టారు. మరి ఎవరో ఒకరు లాగిన్ అవ్వాలి కదా? దానికి వేసిన ఎత్తు చూస్తే, దొంగలైనా మెచ్చుకోబుద్ధేస్తుంది. ఇన్‌ఫ్రా టీమ్‌కి జిరా నుంచే పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్ళు పంపారు. జిరాకి ఏదో తిక్క వచ్చింది కాబోలు అనుకుని, టీమ్ వాళ్ళు తాత్కాలిక పాస్‌వర్డ్‌తో లోపలికెళ్ళి, తమ పాత పాస్‌వర్డ్‌నే మళ్ళీ పెట్టుకున్నారు. మీరైనా నేనైనా అదే చేస్తాం.

ఆ పాస్‌వర్డ్‌లలో ఒకటి, అదే మెషిన్‌లో పూర్తి సుడో (అడ్మిన్‌గా ఆదేశాలిచ్చే) హక్కులున్న యూజర్‌ది. అంతే, రూట్, అంటే ఆ మెషిన్ మీద సర్వాధికారం, చేతికొచ్చింది. అక్కడ దాచి ఉన్న, కోడ్ భద్రపరిచే సబ్‌వెర్షన్ పాస్‌వర్డ్‌లతో ఇంకో సర్వర్‌లోకి కూడా దూరారు. అక్కడ మాత్రం పైకి ఎక్కలేకపోయారు, అక్కడ వన్‌టైమ్ పాస్‌వర్డ్‌లు ఉన్నాయి కాబట్టి. రీసెట్లు మొదలైన ఆరు గంటలకి టీమ్‌కి అనుమానం వచ్చి సర్వీసులు ఆపేసింది. ఇదంతా ఫౌండేషనే దాచకుండా బయటపెట్టింది కాబట్టి నేను మీకు చెప్పగలుగుతున్నాను. అలర్ట్ పెట్టె నుంచి రూట్ దాకా నాలుగు రోజులు.

‘జిరా అప్లికేషనే కదా, ఇందులో సర్వర్ తప్పేముంది’ అంటారు. సరే, అప్లికేషన్ తీసి పక్కన పెడదాం. వట్టి సర్వర్ కూడా పేజీలు రాస్తుంది. 404 పేజీ (అడిగింది లేదనేది), 403 పేజీ (అనుమతి లేదనేది), మేనేజర్ స్క్రీన్, ఉదాహరణల ఫోల్డర్. చాలాచోట్ల మనం పంపిందే చిలకలాగా మనకి తిరిగి చెబుతుంది. ‘మీరడిగిన ఫలానా పేజీ లేదు’ అన్నప్పుడు ఆ ‘ఫలానా’ మనం పంపిన ముక్కే.

2006లో బయటపడ్డ అపాచీ వెబ్ సర్వర్ లోపం ఇలాంటిదే. రిక్వెస్ట్‌తో పాటు వెళ్ళే వివరాలని హెడర్లంటారు, వాటిలో ఎక్స్‌పెక్ట్ అనేది ఒకటి. అందులో సర్వర్‌కి తెలియని విలువ పెడితే, ‘నువ్వు ఇది అడిగావు, నా వల్ల కాదు’ అని ఆ విలువనే ఎర్రర్ పేజీలో యథాతథంగా రాసేది. అయినా బాధితుడి బ్రౌజర్ చేత ఆ హెడర్ ఎవరు పంపించగలరులే అనిపిస్తుంది. అప్పట్లో బ్రౌజర్లలో నడిచిన ఫ్లాష్ ప్లగిన్ పంపించగలిగింది! కొన్ని ఫ్లాష్ వెర్షన్లలో ఆ హెడర్‌ని ఇష్టమొచ్చినట్టు పెట్టుకోగలిగేవాళ్ళు.

403 పేజీ కథ నాకు ఇంకా ఇష్టం. ఎన్‌కోడింగ్ తేడా వస్తే తెలుగు అక్షరాలు ఎలా పిచ్చిగీతలైపోతాయో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఏ ఎన్‌కోడింగో సరిగ్గా చెప్పకపోతే పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తనే ఊహించుకునేది. యూటీఎఫ్-7 అనే ఎన్‌కోడింగ్‌లో, ట్యాగ్ మొదలుపెట్టే లెస్ దాన్ గుర్తుని ప్లస్, పెద్ద ఏ, పెద్ద డీ, చిన్న డబ్ల్యూ, మైనస్ అని రాస్తారు. సర్వర్ వడపోసేది లెస్ దాన్ గుర్తునే, ఇందులో అది కనపడదు కాబట్టి వదిలేస్తుంది. బ్రౌజర్ యూటీఎఫ్-7 అనుకుని చదివితే మళ్ళీ స్క్రిప్ట్ ట్యాగ్ లేచి కూర్చుంటుంది. 2008లో అపాచీ 403 పేజీ మీద ఈ లోపం నమోదైంది.

అదే ఏడాది, అపాచీ వాళ్ళదే అయిన జావా సర్వర్ టామ్‌క్యాట్‌లో మరోటి. ఎర్రర్ మెసేజ్ పేజీలోకి మాత్రమే వెళ్తే గొడవ ఉండేది కాదు. అదే మెసేజ్‌ని హెచ్‌టీటీపీ స్టేటస్ లైన్‌లో, అంటే సర్వర్ జవాబు మొదటి వరుసలో, కూడా పెట్టేవాళ్ళు. అక్కడ ఉండకూడని అక్షరాలు పడితే హెడర్లు తెగి, దాడి చేసేవాడి ముక్క పేజీలోకి జారేది. టామ్‌క్యాట్ 6లో 6.0.16 వెర్షన్ దాకా ఇదే పరిస్థితి.

ఇక ఉదాహరణల ఫోల్డర్. టామ్‌క్యాట్‌తో పాటు ఉచితంగా వస్తుంది, ఎవరూ తీసెయ్యరు. 2009లో అందులోని క్యాలెండర్ ఉదాహరణలో క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ దొరికింది. 2022లో లాగిన్ ఫారం ఉదాహరణలో దొరికింది. జావా నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన కోడ్ అది! ఒకసారి ఒక ఆఫీసులో ఆ ఫోల్డర్ లైవ్ సర్వర్ మీద కనిపిస్తే ‘ఇదెందుకు’ అని అడిగాను. ‘ఉంటే ఏమైందండీ, ఎవరు చూస్తారు’ అన్నారు. నేను చూశాను కదా!

కుకీ సంగతి ఒక్క ముక్క. హెచ్‌టీటీపీ ఓన్లీ అని గుర్తు పెడితే స్క్రిప్ట్ సెషన్ కుకీని చదవలేదు. టామ్‌క్యాట్ 6లో దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి, 7 నుంచి అదే ఆన్‌లో వస్తుంది. అయితే స్క్రిప్ట్‌కి కుకీ చదవాల్సిన పనేముంది? మీ బ్రౌజర్‌లో కూర్చుని మీ పేరుతోనే బటన్లు నొక్కుతుంది. అందుకే నేను దాన్ని గొళ్ళెం అంటాను గానీ తాళం అనను.

మాటలు చాలు. ఈ లాప్‌టాప్‌లో పాత టామ్‌క్యాట్ ఒకటి పెట్టుకొచ్చాను, నెట్ తీసేశాను, భయపడకండి. అడ్రస్ బార్‌లో లేని పేజీ పేరు కొడతాను. ముందు మామూలు పేరు, తర్వాత లెస్ దాన్ గుర్తుతో. పేజీ చూడొద్దు, వ్యూ సోర్స్‌లో ఆ గుర్తు అలాగే ఉందా, లేక ఆంపర్సాండ్, ఎల్, టీ, సెమీకోలన్‌గా మారిందా చూడండి. మారితే బ్రౌజర్ దాన్ని ట్యాగ్ అనుకోదు. వెనక వాళ్ళకి అక్షరాలు కనపడుతున్నాయా? లైట్లు కొంచెం తగ్గించండి బాబూ.