దారమే రెక్కగా

శ్రోతలకు నమస్కారం. బెలూనింగ్ అంటే వేడిగాలి బుడగ, దాని కింద వేలాడే బుట్ట గుర్తొస్తాయి. సాలీళ్లు దారాలు వదిలి గాలిలో తేలిపోవడానికీ ఈ మాటే వాడతారు గానీ, పేరు కాస్త తప్పుదారి పట్టిస్తుంది. ఊదేది లేదు, ఉబ్బేది లేదు, ఉన్నదంతా దారమే.

కోవూరు వైపు నాట్లు పడ్డ మడి గట్టు మీద, మంచు ఆరాక, ఎండకు ఎదురుగా కూర్చోండి. ఆవగింజ కన్నా చిన్న పిల్ల సాలీడు గడ్డిపరక కొసకు పాకుతుంది. ముందుకాలు ఎత్తి గాలి చూస్తుంది. ఆపైన కాళ్లన్నీ నిటారుగా చాచి, మునివేళ్ల మీద లేచినట్టు నిలబడి, పొట్ట పైకెత్తి దారాలు వదులుతుంది. ఎండ పడితేనే అవి తళుక్కుమంటాయి. పీతసాలీళ్లను పరిశీలించి 2018లో ప్రచురించిన పరిశోధనలో ఒక్కోటి 50, 60 దాకా సన్నదారాలు, దాదాపు 3 మీటర్ల పొడవున, వదిలినట్టు తేలింది. అదే ఏడు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గాలి కదలని పెట్టెలో విద్యుత్ క్షేత్రం పెడితే, దానికే సాలీళ్లు పైకి లేచాయి!

గాలి సెకనుకు 3 మీటర్లు దాటితే ఇవి సాధారణంగా బయల్దేరవు. బరువెక్కిన పెద్ద సాలీడుకు ఈ ప్రయాణం సాధారణంగా కుదరదు. లేచాక దారి మళ్లించుకునే వీలూ లేదు. 1832లో అర్జెంటీనా తీరానికి 60 మైళ్ల దూరంలో డార్విన్ ఎక్కిన ఓడ తాళ్ల మీద ఇలాంటివే వేల కొద్దీ వాలాయి.

రైతుకు ఇది వినోదం కాదు. వరి మడుల్లో వేటాడే లైకోసా అనే రకం సాలీడు పిల్లలు కొన్నాళ్లు తల్లి వీపు మీదుండి, దిగి చెల్లాచెదురవుతాయి. గాలివాటున కొత్త మడికి చేరినవి ఎదిగి, వరి దుబ్బు రసం పీల్చే సుడిదోమ అనే పురుగును తింటాయి. దోమ కనబడకముందే, ఎందుకైనా మంచిదని సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టారనుకోండి, ముందు చచ్చేది సాలీడే. తర్వాత దోమ రెట్టింపై వస్తుంది. దుబ్బు మొదట్లో దోమలతో పాటు సాలీళ్లనూ లెక్కపెట్టాకే మందు సంగతి ఆలోచించండి. నాట్లప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే దుబ్బులు చూడటం తేలిక. కోతయ్యాక గట్ల మీద నాలుగు గడ్డికట్టలు ఉంచితే, ఎడగారు, అంటే తర్వాతి కారు, నాట్ల దాకా సాలీళ్లు వాటిలోనే తలదాచుకుంటాయి.