విమానాశ్రయంలో రాత్రి ఎప్పుడవుతుంది?

శ్రోతలకు నమస్కారం.

పిల్లలతో దూరప్రయాణం. మధ్యలో ఒక విమానాశ్రయంలో రాత్రంతా ఆగాలి. టికెట్ కొనేటప్పుడు ఆ తొమ్మిది గంటలు పెద్ద విషయంగా అనిపించవు. అక్కడ దిగాక తెలుస్తుంది.

మా పిల్లలకు అప్పుడు ఆరేళ్లు, మూడేళ్లు. రాత్రి 9 గంటలకు దిగాం. మళ్లీ విమానం ఉదయం 6 గంటలకు. కాసేపు పరుగులు పెట్టనిద్దాం, అలిసిపోతే వాళ్లే పడుకుంటారు అని మావారూ నేనూ అనుకున్నాం. పదకొండయింది, పడుకోలేదు. పన్నెండయింది, పడుకోలేదు. చిన్నది ఏడుపు అందుకుంది. ఆకలా అంటే కాదు, దాహమా అంటే కాదు. పెద్దవాడు నేలమీద కూర్చుని పైన దీపాల వంక చూస్తూ అడిగాడు: "అమ్మా, ఇక్కడ రాత్రి ఎప్పుడవుతుంది?"

వాడి లెక్కలో ఇంకా రాత్రే కాలేదు! ఎలా అవుతుంది? అర్ధరాత్రి కూడా పట్టపగల్లా దీపాలు, తెరిచి ఉన్న దుకాణాలు, నడిచే జనం. చీకటి పడ్డాక మన మెదడు మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పేది అదే. వెలుతురు దాన్ని అణిచేస్తుంది, అదీ చిన్నపిల్లల్లో మరీ ఎక్కువగా. పైగా అలసట హద్దు దాటితే పిల్లలు పడుకోరు, పేచీ పెడతారు. మేము చేసిన పొరపాటు అదే.

సరే, అక్కడ రాత్రి కాకపోతే మనమే చేయాలి. ఇద్దరినీ వాష్‌రూమ్‌కి తీసుకెళ్లాను. మొహాలు కడిగాను, కాళ్లు కడిగాను, పళ్లు తోమించాను. పాలు ఒలికితే మార్చడానికని చేతిసంచిలో పెట్టుకున్న రాత్రి బట్టలు తొడిగాను. ఈలోగా మావారు వెతికి ఒక మూల చూసి వచ్చారు. ఆఖరి విమానం వెళ్లిపోయిన గేటు అది. కింద తివాచీ ఉంది, ఎస్కలేటర్ల రొద లేదు. రెండు కుర్చీల మీదుగా శాలువా కప్పితే కింద కాస్త నీడ వచ్చింది. దుప్పటి పరిచి, ఇంట్లో రోజూ చెప్పే కథే చెప్పాను. కొత్త కథ కాదు, అదే కథ. సగంలోనే చిన్నది నిద్రపోయింది. పెద్దవాడు, "ఇప్పుడు రాత్రయింది కదమ్మా," అని ఇటు తిరిగి పడుకున్నాడు.

అందుకే అంటాను, పెద్ద సంచి విమానంలో వేసేసినా రాత్రి బట్టలు, టూత్‌బ్రష్, పల్చటి దుప్పటి, మేజోళ్లు చేతిసంచిలోనే ఉండాలి. మేజోళ్లు ఎందుకంటే, తెల్లవారుజామున మన ఒంటి వేడి బాగా తగ్గుతుంది. ఆ ఏసీకి పిల్లలు వణికి లేస్తారు. చాలాచోట్ల సెక్యూరిటీలో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల హద్దు ఉన్నా, పసిపిల్లల పాలకు మినహాయింపు ఇస్తారు. సీసా బయటికి తీసి ముందే చూపించండి.

ఖర్చు భరించగలిగితే గది తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. దోహా, సింగపూర్, ఇస్తాంబుల్ లాంటి చోట్ల ఇమిగ్రేషన్ దాటకుండా లోపలే హోటళ్లున్నాయి. బయటి హోటల్ అయితే వీసా సంగతి ముందే కనుక్కోండి. కొన్ని చిన్న విమానాశ్రయాలు రాత్రి మూసేస్తారు కూడా, అదీ టికెట్ కొనకముందే అడగాల్సిన మాట.

ఇంకో సంగతి, తల్లిదండ్రులిద్దరూ ఒకేసారి పడుకోవద్దు. వంతులు వేసుకోండి. ఒంటరిగా పిల్లలతో వెళ్తున్నవాళ్లు ఇంకా ఎక్కువ జాగ్రత్తపడాలి, వాళ్లకైతే గది నిజంగా అవసరం. చాలా పెద్ద విమానాశ్రయాల్లో ఇప్పుడు ప్రతి విమానానికీ మైకులో పిలవరు. గేటు మారినా తెర మీద చూసుకోవాల్సిందే. మెలకువగా ఉన్నవాళ్లు అరగంటకోసారి చూడాలి, ఫోన్లో అలారం కూడా పెట్టుకోవాలి.

ఆ రోజు నాలుగున్నరకి పిల్లల్ని లేపాం. లేపగానే పరుగు పెట్టించలేదు. ముందు టాయిలెట్, తర్వాత బట్టలు మార్చడం, కాసిని పాలు. పెద్దవాడిని అద్దాల దగ్గరికి తీసుకెళ్లాను. రన్‌వే అవతల ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. "తెల్లారిందా?" అన్నాడు. "ఇంకాసేపట్లో," అన్నాను. విమానం ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి వాడే చూసి నన్ను తట్టి చూపించాడు.

నమస్కారం.