మంచి ఇంట్లో సవతి బిడ్డలు: స్వీడన్ దాచుకున్న కథ

హోస్ట్: అక్కా, మానవ హక్కులంటే మనవాళ్లు స్వీడన్, నార్వేలనే చూపిస్తారు. నువ్వేమో ఆ స్వీడన్‌నే నిలదీద్దామంటున్నావు.

అతిథి: చూపించనీ, తప్పులేదు. కానీ అదే దేశంలో 1935 నుంచి 1975 దాకా దాదాపు 63 వేల మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్లే. కావాలని చేయించుకున్నవాళ్లూ ఉన్నారనుకో. చాలామందికి మాత్రం ఒప్పుకోవడం అనేది కాగితం మీద మాటే.

హోస్ట్: హిట్లర్ గాలి సోకిందా?

అతిథి: అలా అనేస్తే వాళ్లకి హాయి! ఉప్సాలా నగరంలో జాతి జీవశాస్త్ర సంస్థని, అంటే మనుషుల్ని జాతులుగా విడదీసి ఎక్కువ తక్కువలు లెక్కగట్టే సంస్థని, హిట్లర్ గద్దెనెక్కక ముందే, 1922లోనే సర్కారు డబ్బుతో పెట్టారు. ఉత్తరాన ఉండే సామీ అనే ఆదివాసుల తలలు కొలిచారు, బట్టలు విప్పించి ఫొటోలు తీశారు. ఇక 1934లో ఆపరేషన్ల చట్టం వచ్చినప్పుడు ప్రధాని ఎవరు? పెర్ ఆల్బిన్ హాన్సన్. దేశం మంచి ఇల్లులా ఉండాలి, అందులో ముద్దుబిడ్డలూ సవతి బిడ్డలూ ఉండకూడదని 1928లో చెప్పిన మనిషి.

హోస్ట్: ఆయన హయాంలోనేనా!

అతిథి: అదే కదా. అందరినీ మేమే పోషిస్తాం కాబట్టి ఎవరు కనాలో కూడా మేమే చూసుకుంటాం అనే ధోరణి. పోలీసులొచ్చి ఈడ్చుకెళ్లే పనే లేదు. హాస్టల్ లాంటి సంరక్షణ గృహం నుంచి ఇంటికెళ్లాలా? సంతకం పెట్టు. అబార్షన్‌కి అనుమతి కావాలా? సంతకం పెట్టు.

ఒకావిడ సంగతి పేపర్లలో వచ్చింది. చిన్నప్పుడు చూపు సరిగా ఆనేది కాదు, కళ్లజోడు లేదు. బోర్డు మీద రాసింది కనపడక చదువులో వెనకబడితే, మందబుద్ధి అని తేల్చి ప్రత్యేక బడిలో వేశారు. 1943లో, పదిహేడేళ్ల పిల్ల, అక్కణ్ణుంచి బయటపడాలని సంతకం పెట్టింది. పిల్లల్లేకుండానే ముసలిదైంది.

హోస్ట్: మన ఎమర్జెన్సీ నాటి కు.ని. ఆపరేషన్లు గుర్తొస్తున్నాయి.

అతిథి: ఇక్కడ టార్గెట్లు, జీతాలు ఆపుతామని బెదిరింపులు. కాబట్టి జనం తిరగబడ్డారు, 1977లో ఓటుతో చెప్పారు. అక్కడ ఒక్కో ఫైలూ చప్పుడు లేకుండా కదిలేది. ఎవరి మీద తిరగబడతావు? చిత్రం చూడు, 1976లో ఇక్కడ జోరందుకుంటుంటే అక్కడ కొత్త చట్టం వచ్చి ఆ పద్ధతి ఆగింది.

హోస్ట్: మరి ఎలా బయటపడింది?

అతిథి: చరిత్రకారులు ముందే రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. 1997లో మచేయ్ జరెంబా అనే విలేకరి దాగెన్స్ నిహేటర్ పత్రికలో రాసేసరికి ప్రపంచమంతా గగ్గోలు. 1999లో పరిహారం చట్టం తెచ్చి ఒక్కొక్కరికి 1,75,000 క్రోనార్లు (స్వీడన్ డబ్బు) ఇచ్చారు.

హోస్ట్: పోనీలే, అక్కడితో అయిపోయింది.

అతిథి: ఎక్కడయింది తమ్ముడూ! చట్టప్రకారం జెండర్ మార్చుకునే హక్కు 1972లోనే ఇచ్చారు, ఎంతో ముందుచూపు. కానీ పిల్లలు పుట్టే అవకాశం లేకుండా చేసుకుంటేనే అని షరతు! అది 2013 దాకా నడిచింది. వాళ్లకీ 2018లో పరిహారం ఒప్పుకున్నారు, 2,25,000 క్రోనార్లు.